సియాటెల్ సిటీ లైట్ చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

సిటీ లైట్ అంటే ప్రైవేటు కంపెనీయా, ప్రభుత్వ సంస్థా?

సియాటెల్ నగరపాలక సంస్థలో అదొక శాఖ. నీళ్ల శాఖ, పార్కుల శాఖ ఉన్నట్టే కరెంటు శాఖ. వాటాదారులు లేరు, లాభాలు పంచుకునేవాళ్లు లేరు. అధిపతిని మేయర్ ఎంపిక చేస్తే సిటీ కౌన్సిల్ ఆమోదించాలి. కరెంటు రేట్లు ఖరారు చేసేది కూడా ఆ కౌన్సిలే.

మన దగ్గర ఉత్పత్తిలో చాలా భాగం జెన్‌కోలది, పంపిణీ డిస్కమ్‌లది, ఈ రెండూ రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే. అందుకని ఇది కొంచెం వింతగా అనిపిస్తుంది. జీహెచ్‌ఎంసీకి నల్లమల కొండల్లో సొంత డ్యాములు ఉండి, అక్కడి నుంచి సొంత లైన్లు వేసుకుని హైదరాబాద్ ఇళ్లకు తనే కరెంటు ఇస్తూ, తనే బిల్లు పంపితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సియాటెల్ నూట ఇరవై ఏళ్లుగా చేస్తున్నది అదే.

అసలు ఒక నగరం డ్యాములు కట్టే పనిలోకి ఎందుకు దిగింది?

కథ నిప్పుతో మొదలవుతుంది. 1889 జూన్ 6న సియాటెల్ వ్యాపార ప్రాంతం దాదాపు మొత్తం తగలబడిపోయింది. ఆర్పడానికి గొట్టాల్లో సరిపడా నీటి ఒత్తిడి లేదు. అప్పుడు నీళ్లు సరఫరా చేసేది ఒక ప్రైవేటు సంస్థ. ఆ దెబ్బతో, నెల తిరగ్గానే, నీటి వ్యవస్థ మనదే ఉండాలని జనం ఓటేశారు. తర్వాత ఆర్.హెచ్. థామ్సన్ అనే సిటీ ఇంజినీరు పట్టుబట్టి సెడార్ నది నీళ్లను నగరానికి తెప్పించాడు.

నది చేతికొచ్చాక జలపాతం కళ్లముందే ఉంది. అప్పటికి కరెంటూ ట్రాములూ బోస్టన్‌కు చెందిన స్టోన్ అండ్ వెబ్‌స్టర్ నడిపే సియాటెల్ ఎలక్ట్రిక్ కంపెనీ గుప్పిట్లో ఉన్నాయి. పోటీ లేదు కాబట్టి వాళ్లు చెప్పిందే రేటు. 1902లో సెడార్ ఫాల్స్ దగ్గర విద్యుత్ కేంద్రం కోసం 5,90,000 డాలర్ల బాండ్లకు (నగరం అప్పు తీసుకునే పత్రాలు) ఓటర్లు సరేనన్నారు. 1905 జనవరిలో ఆ కరెంటుతో వీధి దీపాలు వెలిగాయి. అదే ఏడాది ఇళ్లకూ ఇవ్వడం మొదలైంది. ప్రైవేటు కంపెనీ వెంటనే రేట్లు తగ్గించింది. నా దృష్టిలో మొత్తం కథకు కీలకం ఇదే: నగరం దగ్గర కరెంటు కొనని వాళ్లకు కూడా బిల్లు తగ్గింది.

మొదట్లో ఈ పనులన్నీ నీటి శాఖ కిందే నడిచాయి. 1910లో లైటింగ్ శాఖ విడిపోయింది.

ప్రపంచంలో ఇదే మొదటిదా?

కాదు. అమెరికాలో తొలివాటిలో ఒకటి అనడం సబబు. మన డార్జిలింగ్ పురపాలక సంఘం 1897 నవంబరులోనే సిద్రాపాంగ్‌లో 130 కిలోవాట్ల జలవిద్యుత్ కేంద్రం ప్రారంభించింది. సియాటెల్ కంటే ఏడేళ్లు ముందు. పరిమాణం చిన్నదే, కానీ చాలామందికి ఈ సంగతి తెలియదు కాబట్టి చెప్పాలనిపించింది.

సెడార్ నది డ్యామ్ దగ్గర నీళ్లు లీకై ఊళ్లు కొట్టుకుపోయాయంటారు, నిజమేనా?

నిజమే. ఒక ఊరు మెల్లగా మునిగింది, ఇంకొకటి ఒక్కరాత్రిలో పోయింది.

సెడార్ ఫాల్స్ దగ్గర కరెంటు చాలక, నగరం 1914 నాటికి మేసన్రీ డ్యామ్ అనే పెద్ద కట్టడం పూర్తి చేసింది. కట్టడం గట్టిదే. సమస్యల్లా రిజర్వాయర్ పక్క గట్టుతో వచ్చింది. అది రాయి కాదు, ఎప్పుడో హిమానీనదాలు తెచ్చి పోసిన కంకర, ఇసుక. అలాంటి గట్టు నీళ్లు పట్టదు. ముందే హెచ్చరికలు వచ్చినా పని ఆగలేదు. 1915 వసంతంలో రిజర్వాయర్ నింపుతుంటే నీళ్లు గట్టులోంచి ఊరుతూ వెళ్లి, కింద ఉన్న మాంక్టన్ అనే చిన్న ఊళ్లోకి రోజురోజుకూ ఎక్కాయి. జనం సామాన్లు సర్దుకుని వెళ్లిపోయారు, నగరం నష్టపరిహారం కట్టింది.

అంతటితో బుద్ధి రాలేదు. 1918 డిసెంబరు 23 రాత్రి నీటి మట్టం ఎక్కువగా ఉన్న సమయంలో గట్టు ఒకచోట పేలినట్టు తెగింది. బాక్స్‌లీ వాగు వెంట బురద, చెట్లు, నీళ్లు కలిసి దూసుకెళ్లి ఎడ్జ్‌విక్ అనే కలప మిల్లు ఊరిని తుడిచిపెట్టేశాయి. ప్రాణనష్టం జరగలేదు, అది అదృష్టమే అనుకోవాలి. ఆ తర్వాత రిజర్వాయర్‌ను పూర్తిగా నింపడం మానుకున్నారు.

సియాటెల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో వీకెండ్‌కి రాటిల్‌స్నేక్ లెడ్జ్ అనే కొండ ఎక్కనివాళ్లు తక్కువ. కింద కనబడే రాటిల్‌స్నేక్ సరస్సు ఉన్నచోటే మాంక్టన్ ఉండేది. నీళ్లు తగ్గినప్పుడు పాత చెట్ల మొద్దులు బయటపడతాయి. అందరూ వాటి మీద నిలబడి ఫోటోలు దిగుతారు.

జె.డి. రాస్ ఎవరు? ప్రతిచోటా ఆయన పేరే కనిపిస్తుందేం?

జేమ్స్ డెల్మేజ్ రాస్ 1872లో కెనడాలోని ఒంటారియోలో పుట్టాడు. కెనడా ఉత్తరాన ఉన్న క్లోండైక్‌లో బంగారం దొరుకుతుందని వెళ్లినవాళ్లలో ఒకడు. విద్యుత్ ఇంజినీరింగ్ కాలేజీలో చదవలేదు, సొంతంగా నేర్చుకున్నాడు. సెడార్ ఫాల్స్ కేంద్రం డిజైన్ పనిలో చేరి, 1911లో సిటీ లైట్ సూపరింటెండెంట్ అయ్యాడు. 1939లో చనిపోయేదాకా, మధ్యలో కొన్ని నెలలు తప్ప, ఆ కుర్చీ ఆయనదే.

ఆయన నమ్మకం సూటిగా ఉండేది: కరెంటు చవగ్గా ఇస్తే జనం ఎక్కువ వాడతారు, ఎక్కువ వాడితే ఇంకా చవగ్గా ఇవ్వొచ్చు. అందుకే ఇంటింటికీ ఎలక్ట్రిక్ పొయ్యిలు అంటగట్టే పని సిటీ లైట్ పెద్ద ఎత్తున చేసింది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆయనను ముందు స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే ఫెడరల్ సెక్యూరిటీస్ కమిషన్‌లోకి, తర్వాత 1937లో కొత్తగా పెట్టిన ఫెడరల్ ప్రభుత్వ బోన్‌విల్ విద్యుత్ సంస్థకు మొదటి అధిపతిగా తీసుకున్నాడు. అప్పుడు కూడా సిటీ లైట్ పదవి వదల్లేదు.

ఆయనకు పని తెలుసు, దాన్ని అమ్ముకోవడమూ తెలుసు. విమర్శకులు ఆయన్ను ఎవరి మాటా వినని సామ్రాజ్యాధినేత అనేవారు. అందులోనూ కొంత నిజం ఉంది. తన పేరుతో డ్యామ్, సరస్సు ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. కానీ రాస్, ఆయన భార్య ఆలిస్ సమాధి కూడా స్కాజిట్ డ్యాముల కోసం కట్టిన ఊళ్లోనే, న్యూహేలెం దగ్గర కొండరాతిలో తొలిచి ఉంది.

స్కాజిట్ నది డ్యాముల సంగతేంటి?

సెడార్ నది చిన్నది. పెరుగుతున్న నగరానికి అది చాలదని తేలిపోయాక, ఉత్తరాన సుమారు వంద మైళ్ల దూరంలో, కాస్కేడ్ కొండల్లో ఉన్న స్కాజిట్ నది మీద రాస్ కన్నుపడింది. ఇరుకైన రాతి లోయ, నిటారు వాలు, పైన మంచు. జలవిద్యుత్‌కు ఇంతకంటే ఏం కావాలి? చిక్కల్లా అనుమతి. అక్కడ డ్యాము కట్టే హక్కు స్టోన్ అండ్ వెబ్‌స్టర్ సంస్థలకు ఉండేది, ఏళ్ల తరబడి ఏమీ కట్టలేదు. ఆ గడువు తీరిన అవకాశం చూసుకుని నగరం దరఖాస్తు చేసింది. 1917 చివర్లో ఫెడరల్ ప్రభుత్వం సియాటెల్‌కు అనుమతిచ్చింది.

రోడ్డు లేని అడవి అది. ముందు రైలు మార్గం వేసుకున్నారు, కూలీలకు, ఉద్యోగులకు న్యూహేలెం అనే ఊరు కట్టారు. మొదట గోర్జ్: చిన్న దుంగల కట్టతో నీళ్లను మళ్లించి, కొండలో తవ్విన సుమారు రెండు మైళ్ల సొరంగం గుండా కింద పవర్‌హౌస్‌కు పంపారు. 1924 సెప్టెంబరులో అధ్యక్షుడు కూలిడ్జ్ వాషింగ్టన్ డీసీలో కూర్చుని బంగారు టెలిగ్రాఫ్ మీట నొక్కి దాన్ని లాంఛనంగా ప్రారంభించాడు. ఇప్పుడున్న గోర్జ్ కాంక్రీటు డ్యామ్ 1961 నాటిది.

తర్వాత డయాబ్లో. 389 అడుగుల ఎత్తుతో 1930లో పూర్తయినప్పుడు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన డ్యామ్ అదే. కానీ అప్పటికే ఆర్థిక మాంద్యం. డ్యామ్ ఉంది, పవర్‌హౌస్‌కు డబ్బుల్లేవు. కరెంటు రావడానికి 1936 దాకా పట్టింది.

మూడోది రాస్ డ్యామ్. 1937లో రూబీ డ్యామ్ పేరుతో మొదలైంది, ఆయన పోయాక పేరు మార్చారు. 1949 నాటికి 540 అడుగులకు చేరింది, 1950ల్లో కరెంటు మొదలైంది. దాని వెనక సరస్సు ఇరవై మైళ్లకు పైగా సాగి, చివర్న కొంచెం కెనడాలోకి కూడా వెళ్తుంది. ఆ డ్యామ్ ముఖం మీద గడులు గడులుగా అచ్చు వేసినట్టు ఉంటుంది. అందం కోసం అనుకుంటారు చాలామంది. తర్వాత ఇంకా ఎత్తు పెంచేటప్పుడు కొత్త కాంక్రీటు పాతదాన్ని పట్టుకోవడానికి అలా వదిలారు. ఆ కొత్త కాంక్రీటు మాత్రం ఎప్పటికీ పడలేదు. ఎందుకో కింద చెబుతాను.

అప్పట్లో డ్యాములు చూపించడానికి టూర్లు నడిపారట?

నడిపారు, అదీ మామూలుగా కాదు. ఆ ప్రాజెక్టు డబ్బు జనం ఓటుతో వచ్చే బాండ్లది. ఆ జనానికి చూపించకపోతే తర్వాతి బాండ్లకు ఓటు పడదని రాస్‌కు బాగా తెలుసు. 1920ల చివర్లో మొదలైన ఈ యాత్రల్లో రైలెక్కించి తీసుకెళ్లేవారు, న్యూహేలెంలో రాత్రి బస, కడుపునిండా చికెన్ భోజనం, మర్నాడు డయాబ్లో సరస్సులో పడవ. చీకటి పడ్డాక లాడర్ క్రీక్ జలపాతం మీద రంగురంగుల లైట్లు, చెట్ల మధ్య దాచిన స్పీకర్లలోంచి సంగీతం. ఆ చలి కొండల్లో కోతులను కూడా తెచ్చి పెట్టారు! రెండో ప్రపంచయుద్ధం వచ్చేలోపు లక్షమందికి పైగా చూసొచ్చారు. ఎన్నికల ప్రచారమూ పిక్నిక్కూ ఒకే టికెట్టు మీద అనొచ్చు.

ఒక మేయర్‌కు పదవి పోయింది రాస్ వల్లేనా?

అవును. 1931 మార్చిలో మేయర్ ఫ్రాంక్ ఎడ్వర్డ్స్, అసమర్థత వంటి కారణాలు చూపి రాస్‌ను ఉద్యోగం నుంచి తీసేశాడు. నగరం భగ్గుమంది. మేయర్ ప్రైవేటు కరెంటు కంపెనీకి అనుకూలంగా పనిచేస్తున్నాడని జనంలో పాతుకుపోయింది. సంతకాలు సేకరించి రీకాల్ ఎన్నిక (పదవిలో ఉన్నవాళ్లను దించాలా వద్దా అని జనం వేసే ఓటు) పెట్టించారు. జులైలో ఎడ్వర్డ్స్ ఓడిపోయాడు. కొత్త మేయర్ వచ్చీ రావడంతోనే రాస్‌ను వెనక్కి పిలిచాడు. ఒక కరెంటు అధికారి కోసం జనం మేయర్‌నే దించేయడం ఇంకెక్కడైనా జరిగిందేమో వెతకాల్సిందే.

ఒకే వీధిలో రెండు కంపెనీల స్తంభాలు ఉండేవా?

దాదాపు 45 ఏళ్లు అలాగే ఉన్నాయి. ఒక పక్క సిటీ లైట్ తీగలు, ఇంకో పక్క ప్రైవేటు కంపెనీవి. పక్కపక్క ఇళ్లు చెరొక చోట కరెంటు తీసుకునేవి. డబ్బు దండగే అయినా, రేట్లు అదుపులో ఉంచింది ఆ పోటీయే. 1950 నవంబరులో ప్రైవేటు కంపెనీ ఆస్తులను కొనేద్దామా అని ఓటు పెడితే చాలా స్వల్ప తేడాతో నెగ్గింది. 1951లో కొనుగోలు ముగిసింది, నగరంలో కరెంటు ఇచ్చేది ఇక సిటీ లైట్ ఒక్కటే.

నేను రెడ్‌మండ్‌లో ఉంటాను. నాకు పుగెట్ సౌండ్ ఎనర్జీ బిల్లు వస్తుంది. ఎందుకు?

పైన చెప్పిన పాత పోటీదారు వారసుడే మీ పుగెట్ సౌండ్ ఎనర్జీ. సియాటెల్ ఆస్తులు అమ్మేసినా చుట్టుపక్కల ప్రాంతాలు దానికే మిగిలాయి. 1997లో గ్యాస్ కంపెనీతో కలిశాక ఇప్పటి పేరు వచ్చింది. రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్‌లలో ఉండే తెలుగు కుటుంబాలకు వచ్చే కరెంటు ఆ ప్రైవేటు సంస్థదే. సిటీ లైట్ పరిధి సియాటెల్‌తో పాటు షోర్‌లైన్, బ్యూరియన్, టక్విలా వంటి కొన్ని పొరుగు ఊళ్ల వరకే. బాథెల్ ఉత్తరం వైపు వాళ్లకు స్నోహోమిష్ కౌంటీ ప్రజా విద్యుత్ సంస్థ నుంచి వస్తుంది.

రాస్ డ్యామ్ ఎత్తు ఎందుకు పెంచలేదు?

ఎత్తు ఇంకో 120 అడుగులకు పైగా పెంచాలనేది పాత ప్రణాళిక. 1942లో అమెరికా, కెనడాల ఉమ్మడి కమిషన్ ఒప్పుకుంది కూడా. పెంచితే కెనడా వైపు స్కాజిట్ లోయలో వేల ఎకరాలు మునుగుతాయి. 1942లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1970 నాటికి రోజులు మారాయి. బ్రిటిష్ కొలంబియా జనం, అమెరికా పర్యావరణవాదులు కలిసి అడ్డుపడ్డారు. 1977లో ఫెడరల్ సంస్థ అనుమతిచ్చినా గొడవ ఆగలేదు.

చివరికి 1984లో తేలిన పరిష్కారం చాలా తెలివైనది. సియాటెల్ డ్యామ్ ఎత్తు పెంచదు. పెంచి ఉంటే ఎంత కరెంటు వచ్చేదో అంత కరెంటును బ్రిటిష్ కొలంబియా 80 ఏళ్లపాటు ఇస్తుంది. పెంచడానికి ఎంత ఖర్చయ్యేదో ఆ డబ్బును సియాటెల్ కెనడా వైపుకు వాయిదాల్లో కడుతుంది. కాగితం మీద కట్టిన డ్యామ్ అన్నమాట. ఇద్దరికీ లెక్క సరిపోయింది, లోయ మిగిలింది. నదీజలాల తగువుల్లో ఆరితేరిన మన తెలుగు రాష్ట్రాల వాళ్లు ఈ ఒప్పందాన్ని ఒకసారి చదవాలని నా కోరిక.

బౌండరీ డ్యామ్ ఎక్కడుంది?

వాషింగ్టన్ రాష్ట్రం ఈశాన్య మూలన, కెనడా సరిహద్దుకు ఆనుకుని, పెండ్ ఒరే నది మీద. 1967లో మొదలైంది. 340 అడుగుల డ్యామ్, పవర్‌హౌస్ మాత్రం కొండ లోపల. సామర్థ్యం సుమారు 1,000 మెగావాట్లు. సిటీ లైట్ సొంత కేంద్రాల్లో పెద్దది ఇదే. స్కాజిట్‌కు పేరెక్కువ, పని ఎక్కువ చేసేది బౌండరీ.

అణువిద్యుత్ జోలికి ఎందుకు వెళ్లలేదు?

వెళ్లబోయి ఆగారు. 1970ల్లో వాషింగ్టన్ రాష్ట్రంలో చాలా ప్రజా విద్యుత్ సంస్థలు కలిసి అణు కేంద్రాలు కడుతున్నాయి. నాలుగు, ఐదు నంబర్ల కేంద్రాల్లో వాటా తీసుకోమని సియాటెల్‌ను అడిగారు. నగరం ఎనర్జీ 1990 అనే అధ్యయనం చేయించింది. పొదుపు చర్యలతోనే చాలా అవసరం తీరుతుందని అందులో తేలింది. 1976లో కౌన్సిల్ వద్దనేసింది. 1983లో ఆ రెండు కేంద్రాల బాండ్లు, 225 కోట్ల డాలర్ల విలువైనవి, చెల్లించలేక ఎగ్గొట్టారు. అమెరికా మున్సిపల్ బాండ్ల చరిత్రలో అప్పటికి అదే అతిపెద్ద ఎగవేత. కౌన్సిల్‌లో ఆ రోజు వద్దని చేయెత్తినవాళ్లకు తర్వాత ఎంత నిద్ర పట్టి ఉంటుందో!

ఉద్యోగులతో, మహిళలతో గొడవలు జరిగాయని విన్నాను?

మాజీ అగ్నిమాపక అధిపతి గార్డన్ వికరీని సూపరింటెండెంట్‌గా పెట్టాక, 1974 ఏప్రిల్‌లో ఉద్యోగులు పని మానేసి బయటికొచ్చారు. మేయర్ వెస్ ఉల్‌మన్‌ను దించాలని 1975లో రీకాల్ కూడా పెట్టారు, ఈసారి మేయరే గెలిచాడు.

అదే 1974లో స్తంభాలెక్కే, తీగలు లాగే పనుల్లో శిక్షణ ఇవ్వడానికి పది మంది మహిళలను తీసుకున్నారు. కార్యక్రమం రూపొందించింది క్లారా ఫ్రేజర్ అనే ఉద్యోగిని. ఏడాది తిరిగేసరికి కార్యక్రమాన్ని కత్తిరించారు, ఆమెనూ ఇంటికి పంపారు. ఆమె వివక్ష కేసు వేసి, ఏళ్లపాటు పోరాడి 1982లో గెలిచింది. ప్రజల సంస్థ కాబట్టి లోపల అంతా న్యాయంగా ఉంటుందనుకోవడం పొరపాటు.

2001లో బిల్లులు ఎందుకు పేలిపోయాయి?

సిటీ లైట్ కరెంటులో చాలా భాగం కొండల మీది మంచు నుంచి వస్తుంది. ఆ శీతాకాలం మంచు సరిగ్గా పడలేదు. తక్కువైనది మార్కెట్‌లో కొనాలి. సరిగ్గా అప్పుడే కాలిఫోర్నియా విద్యుత్ సంక్షోభం, మార్కెట్ ధరలు ఆకాశంలో. పైగా సెంట్రేలియా బొగ్గు కేంద్రంలో తనకున్న వాటాను సిటీ లైట్ 2000లోనే అమ్మేసుకుంది. గాలి శుభ్రత కోణంలో మంచి నిర్ణయమే, సమయం మాత్రం అన్యాయంగా కుదిరింది. భారీగా అప్పులు చేసింది, రేట్లు సగానికి పైగా పెరిగాయి. చవక కరెంటుకు అలవాటుపడిన నగరానికి అది పెద్ద షాక్.

ఇది నిజంగా పర్యావరణానికి మంచిదేనా?

కార్బన్ లెక్కలో మంచిదే. 2005లో, మిగిలిన కొద్దిపాటి ఉద్గారాలకు ఆఫ్‌సెట్లు (వేరేచోట అంతే కాలుష్యం తగ్గించడానికి కట్టే డబ్బు) కొని, నికర ఉద్గారాలు సున్నాకు తెచ్చిన మొదటి పెద్ద అమెరికా విద్యుత్ సంస్థ అయింది.

నది లెక్క వేరు. గోర్జ్ డ్యామ్ నీళ్లను సొరంగంలోకి మళ్లిస్తుంది కాబట్టి, డ్యామ్‌కూ పవర్‌హౌస్‌కూ మధ్య రెండు మైళ్లకు పైగా స్కాజిట్ ఏడాదిలో ఎక్కువ భాగం ఎండిపోయి రాళ్లు తేలి ఉంటుంది. అప్పర్ స్కాజిట్, సాక్-సుయాటిల్, స్వినోమిష్ అనే స్థానిక ఆదివాసీ తెగలకు ఆ నది, అందులోని సాల్మన్ చేపలు తరతరాల జీవనాధారం. అమెరికా ప్రభుత్వంతో 1855లో కుదిరిన ఒప్పందం ప్రకారం చేపలు పట్టే హక్కు వాళ్లది. మూడు డ్యాముల్లో దేనికీ చేపలు పైకి వెళ్లే దారి లేదు. చేపలు సహజంగా అంత పైకి వెళ్లేవి కావని నగరం చాలాకాలం వాదించింది. తెగలు ఒప్పుకోలేదు, సాక్-సుయాటిల్ తెగ 2021లో కోర్టుకు వెళ్లింది.

స్కాజిట్ డ్యాములకు 1995లో వచ్చిన 30 ఏళ్ల ఫెడరల్ లైసెన్సు గడువు 2025తో ముగిసింది. దానికి ముందే, కొత్తదాని కోసం సిటీ లైట్ 2023లో దరఖాస్తు పెట్టింది. అందులో చేపల దారికి ఒప్పుకుంది. ఖర్చు బిల్లుల్లోకే వస్తుంది. వందేళ్లపాటు కరెంటు చవగ్గా దొరికిన లెక్కలో ఈ ఖర్చు ఎప్పుడూ చేరలేదు కాబట్టి, ఇప్పుడు కట్టడం న్యాయమే అంటాను.

వెళ్లి చూడాలంటే?

సియాటెల్ నుంచి న్యూహేలెం కారులో రెండున్నర గంటల దారి. ఊళ్లో గోర్జ్ పవర్‌హౌస్, లాడర్ క్రీక్ జలపాతం కాలిబాట, రాస్ సమాధి దగ్గర దగ్గరగానే ఉంటాయి. డయాబ్లో సరస్సు ఆకుపచ్చ రంగు ఫోటోషాప్ కాదు, హిమానీనదాలు నూరిన రాతిపొడి నీళ్లలో తేలడం వల్ల వచ్చింది. రాస్ డ్యామ్ వరకు రోడ్డు లేదు, హైవే పక్క నుంచి కిందికి నడవాలి, తిరిగొచ్చేటప్పుడు పైకి ఎక్కాలి. 20వ నంబరు హైవే కొండల పైభాగంలో శీతాకాలమంతా మూసేస్తారు, కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లండి. ఆగస్టులో కార్చిచ్చుల పొగ ఉందేమో ముందే చూసుకోండి. 2023లో సోర్‌డో కార్చిచ్చు ఈ డ్యాముల దగ్గరికే వచ్చింది. వేసవిలో నడిపే పడవ టూర్లకు సీట్లు త్వరగా అయిపోతాయి, ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లేటట్టయితే ముందుగానే బుక్ చేసుకోండి.